పురుగుమందు భద్రత, జంతువుల మీద పరీక్షలకు ప్రత్యామ్నాయాలు: మహారాష్ట్ర సరిహద్దు తెలుగు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అహేరి, చంద్రపూర్ జిల్లాలో రాజురా, కొర్పనా, జివతి, యవత్మాల్ జిల్లాలో పాండర్‌కవడా వైపు పత్తి, మిర్చి, వరి వేసే తెలుగు కుటుంబాల కోసం రాసిన పేజీ ఇది. ఊళ్లలో మందుల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా రెండు ప్రశ్నలు వస్తాయి. ఈ మందు మనిషికి ఎంత ప్రమాదమో ఎవరు తేల్చారు, ఎట్లా తేల్చారు అనేది ఒకటి. దాని కోసం ఎలుకలను, కుందేళ్లను చంపాలా, వేరే దారి లేదా అనేది రెండోది. ఈ రెండూ ఒకే ముడికి రెండు కొసలు. పంపు భుజాన వేసుకున్న మనిషికి అసలు ఏం జరుగుతుందో ఎలుక చెప్పలేని చోట మనిషి కణాలు చెప్పగలవని, అందుకే కొత్త పద్ధతులు మన కూలీలకు కూడా అవసరమని మా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు, దాని హద్దులు కింద జవాబుల్లో ఉన్నాయి.

డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు ఎట్లా నిర్ణయిస్తారు?

డబ్బాను చేతిలోకి తీసుకుని చూడండి. మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి కనిపిస్తుంది. పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు. ఎరుపు అయితే పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం వేసే గుర్తు అది.

ఆ రంగు ఒక అంకెను బట్టి వస్తుంది. పరీక్షకు పెట్టిన జంతువుల్లో, మామూలుగా ఎలుకల్లో, సగం చావడానికి కిలో శరీర బరువుకు ఎన్ని మిల్లీగ్రాముల మందు పట్టిందో లెక్కగట్టి దాన్ని ఎల్‌డీ50 అంటారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఆ అంకె 50 లోపుంటే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, అది దాటితే ఆకుపచ్చ. చర్మం ద్వారా తగిలినప్పటి లెక్క వేరే ఉంటుంది.

కాబట్టి ఆకుపచ్చ అంటే "ఏమీ కాదు" అని అర్థం కాదు. ఒక్కసారి ఎక్కువ మోతాదు పడితే చావు ఎంత దగ్గరో చెప్పే గుర్తు మాత్రమే అది. కంటికి మంట పెడుతుందా, పదేళ్లు కొడితే ఏమవుతుంది, కడుపుతో ఉన్న ఆడమనిషి చేనులో కలుపు తీస్తుంటే ఏమవుతుంది, ఈ ప్రశ్నలకు ఆ రంగులో జవాబు లేదు.

ఆ ఒక్క అంకె కోసం ఎన్ని ఎలుకలు చస్తాయి?

ఈ లెక్కను 1927లో జె. డబ్ల్యు. ట్రెవాన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తయారుచేశాడు. డిజిటాలిస్, ఇన్సులిన్ లాంటి ఔషధాల బలం ఒక సీసాకూ ఇంకో సీసాకూ మారిపోతుంటే, దాన్ని కొలవడానికి పుట్టిన పద్ధతి. తర్వాత ప్రపంచంలోని రసాయనాలన్నిటికీ అదే కొలబద్ద అయిపోయింది. పాత పద్ధతిలో ఒక్క రసాయనానికే డజన్లకొద్దీ ఎలుకలు పోయేవి.

రసాయనాల పరీక్షలకు అంతర్జాతీయ పద్ధతులు రాసే ఓఈసీడీ అనే సంస్థ 2002 చివర్లో ఆ పాత పరీక్షను, అంటే 401వ నంబరు పద్ధతిని, తన జాబితా నుంచి తీసేసింది. దాని స్థానంలో వచ్చిన మూడు పద్ధతులు 420, 423, 425. వీటిలో ఒక్కో మెట్టుకు మూడు ఎలుకలు, లేదా ఒకదాని తర్వాత ఒకటిగా కొద్ది ఎలుకలు సరిపోతాయి. అయినా ఎలుకలే.

ఎక్కువ జంతువులు పోయేది దీర్ఘకాల పరీక్షల్లో. క్యాన్సర్ వస్తుందా అని చూసే రెండేళ్ల పరీక్షలో ఒక్కో గుంపుకు కనీసం 50 మగ, 50 ఆడ ఎలుకలు ఉండాలి. మూడు మోతాదులు, మందు ఇవ్వని గుంపు ఒకటి కలిపితే 400.

ఎలుకకు తక్కువ విషమైతే మనిషికీ తక్కువేనా?

అన్నిసార్లూ కాదు. దీనికి గట్టి సాక్ష్యం శ్రీలంక ఆసుపత్రుల నుంచి వచ్చింది. మందు తాగి చేరినవాళ్ల వివరాలను అక్కడి డాక్టర్లు ఓపికగా రాసిపెట్టారు. 2005లో వెలువడిన అధ్యయనంలో నరాల మీద పనిచేసే ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు మూడింటిని పోల్చారు. ఎలుకల లెక్క మీద ఆధారపడ్డ ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మూడూ ఒకే తరగతి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి క్లోరిపైరిఫాస్ తాగినవాళ్లలో నూటికి 8 మంది, ఫెన్‌థియాన్ తాగినవాళ్లలో 16 మంది, డైమిథోయేట్ తాగినవాళ్లలో 23 మంది చనిపోయారు. ఒకే తరగతి మందుల మధ్య దాదాపు మూడింతల తేడా!

గడ్డి మందు పారాక్వాట్ సంగతి ఇంకా ఘోరం. ఎలుకల అంకెను బట్టి దానికి పసుపు గుర్తు, ఎరుపు కాదు. కానీ దానికి విరుగుడు లేదు. కొద్దిగా మింగినా ఊపిరితిత్తులు గట్టిపడిపోయి మనిషి కళ్లముందే రోజుల తరబడి ఊపిరి కోసం కొట్టుకుంటాడు. పసుపు చదరం చూసి "ఎరుపు కాదు కదా" అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పండి.

ఇక్కడే ఇంకో మాట. ఇంట్లో ఎవరికైనా మనసు బాగా చెదిరి ఉంటే మందు డబ్బాలను తాళం వేసిన చోట పెట్టండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక సలహా ఉచితంగా ఇస్తారు.

2017లో యవత్మాల్‌లో చనిపోయినవాళ్లు కొట్టింది పరీక్షలు దాటిన మందులే కదా?

ఎక్కువ భాగం అవే. ఆ ఏడు వానాకాలం పంట మీద జూలై నుంచి అక్టోబర్ దాకా మందు కొట్టిన రైతులు, కూలీలు వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ఇరవై మంది దాకా చనిపోయారు. చూపు మసకబారింది, వాంతులు, ఊపిరాడకపోవడం. బీటీ పత్తికి గులాబీ పురుగు లొంగకపోవడంతో మందు మీద మందు కొట్టిన సంవత్సరం అది. ఆ నవంబర్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం యవత్మాల్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఐదు మందుల అమ్మకాన్ని 60 రోజులు ఆపింది. ప్రొఫెనోఫాస్-సైపర్‌మెత్రిన్ మిశ్రమం, ఫిప్రోనిల్-ఇమిడాక్లోప్రిడ్ మిశ్రమం, ఎసిఫేట్, డయాఫెన్‌థియురాన్, మోనోక్రోటోఫాస్.

ఆ మందులకు ఎలుకల పరీక్షలు జరిగాయి. మరి ఎక్కడ తప్పింది? పరీక్షలో అడిగిన ప్రశ్న వేరు, చేనులో ఎదురైన పరిస్థితి వేరు. పత్తి ఛాతీ ఎత్తుకు, కొన్నిచోట్ల తల ఎత్తుకు పెరిగింది. నాజిల్ పైకెత్తి కొట్టాలి, తుంపర మొహం మీదే పడుతుంది. మోటారు పంపుతో చేతి పంపుకన్నా సన్నని తుంపర వస్తుంది. భాద్రపదం ఉక్కపోతలో ఒళ్లంతా చెమట, చెమట పట్టిన చర్మం మందును ఎక్కువగా లోపలికి పీలుస్తుంది. తడిసిన చొక్కా సాయంత్రం దాకా ఒంటి మీదే. ల్యాబులో ఎలుక వీపు మీద బొచ్చు గొరిగి మందు పూసి చూస్తే ఈ సంగతులేవీ బయటపడవు.

మందు కొడుతుండగా తేడా చేస్తే ముందు ఏం చేయాలి?

కొట్టడం ఆపి చేనులోంచి బయటికి రండి. బట్టలన్నీ తీసేసి సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగండి, జుట్టు, గోళ్ల కింద కూడా. కంట్లో పడితే పావుగంట నీళ్లు పోస్తూనే ఉండండి. వాంతి చేయించొద్దు. పాలు, నూనె, మజ్జిగ పోయొద్దు. 108కి ఫోన్ చేయండి. డబ్బాను లేదా దాని లేబుల్‌ను తప్పకుండా దావఖానకు తీసుకెళ్లండి, ఎందుకంటే ఏ మందో తెలియకపోతే డాక్టర్ చేతులు కట్టేసినట్టే. ఆర్గానోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్ అనే విరుగుడు పనిచేస్తుంది. డయాఫెన్‌థియురాన్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో డాక్టర్లకూ, మామూలు జనానికీ సలహా ఇస్తుంది.

మన దేశంలో మందుకు అనుమతి ఎవరు ఇస్తారు?

1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్ర స్థాయిలో రిజిస్ట్రేషన్ కమిటీ ఉంది, ఆఫీసు ఫరీదాబాద్‌లో. కంపెనీ తన మందు పురుగు మీద పనిచేస్తుందనీ, మనుషులకూ పశువులకూ హాని తగినంత తక్కువనీ డేటా చూపించాలి. నోటి ద్వారా, చర్మం ద్వారా, ఊపిరి ద్వారా విషం, చర్మం మీద మంట, కంటి మీద మంట, అలర్జీ, దీర్ఘకాల ప్రభావాలు, పక్షులు, చేపలు, తేనెటీగలు, వానపాముల మీద ప్రభావం. ఈ జాబితాలో ఇప్పటికీ జంతువుల మీద చేసే పరీక్షలే ఎక్కువ.

ఈ చట్టంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 38వ సెక్షన్ ప్రకారం, తన సాగు భూమిలో తాను మందు వాడుకునే మనిషికి ఈ చట్టం వర్తించదు. తయారీ, అమ్మకం, నిల్వ, రవాణా మీద అదుపు ఉంది. చేనులో ఏం జరుగుతుందో దాని పరిధిలో లేదు. అంటే రైతును కాపాడేవి రెండే మిగిలాయి: అనుమతికి ముందు జరిగే పరీక్ష, డబ్బా మీది రాత. ఆ పరీక్ష మనిషికి దగ్గరగా లేకపోతే, ఆ రాత మనకు రాని భాషలో ఉంటే, రైతుకు మిగిలే రక్షణ ఏమిటి?

రాష్ట్ర ప్రభుత్వానికి సొంతంగా శాశ్వత నిషేధం పెట్టే అధికారం లేదు. ప్రమాదం కనిపిస్తే 27వ సెక్షన్ కింద కొద్ది రోజులు ఆపగలదు, 2017లో చేసింది అదే. శాశ్వత నిషేధం కేంద్రం చేతిలో ఉంది. 2018లో ఒకేసారి 18 మందుల మీద కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, కొన్నిటికి వెంటనే, మిగతావాటికి 2020 చివరి నుంచి. 1968 చట్టం స్థానంలో కొత్త బిల్లును 2020 మార్చిలో రాజ్యసభలో ప్రవేశపెట్టారు.

జంతువు లేకుండా విషాన్ని ఎట్లా పరీక్షిస్తారు?

ఒక్క పరీక్షతో కాదు, ఒక్కో ప్రశ్నకు ఒక్కో పద్ధతి. వివరంగా చెప్పాల్సిన భాగం ఇదే.

చర్మం మీద మంట. 1944 నుంచి కుందేలు వీపు మీద, కంట్లో రసాయనం వేసి ఎర్రబడుతుందా, పుండు పడుతుందా అని చూసేవారు. ఇప్పుడు ఆపరేషన్లలో తీసేసిన మనిషి చర్మం నుంచి కణాలు తీసుకుని చిన్న గిన్నెల్లో పెంచుతారు. అడుగున కణాలకు ఆహారమైన ద్రవం, పైన గాలి. కొన్నాళ్లకు మన పైచర్మంలాగే పొరలు పొరలుగా ఏర్పడుతుంది, వేలి గోరంత ముక్క. దాని మీద మందు వేసి, కడిగేసి, 42 గంటలు ఆగుతారు. తర్వాత లేత పసుపు ద్రవం పోస్తే బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. రంగు చిక్కగా వస్తే చర్మం క్షేమం. బతికిన కణాలు సగం, అంతకన్నా తక్కువ అయితే ఆ మందు మంట పెట్టేదే. ఓఈసీడీ 2010లో దీనికి 439 నంబరు ఇచ్చింది.

కన్ను. కబేళాలో కోసిన పశువుల కంటి నల్లగుడ్డు పైపొరను తీసుకుని, మందు వేశాక అది ఎంత మసకబారింది, రంగు ద్రవం ఎంత ఇంకింది అని కొలుస్తారు. కోడి కంటితో ఇంకో పద్ధతి, మనిషి కణాలతో పెంచిన పొరతో మరొకటి ఉన్నాయి. వీటి కోసం ప్రత్యేకంగా ఏ జీవినీ చంపరు.

అలర్జీ. మందు ముందుగా చర్మంలోని ప్రొటీన్లకు అతుక్కుంటుంది, తర్వాత చర్మకణాలు అపాయ సంకేతం ఇస్తాయి, ఆపై రోగనిరోధక కణాలు మేల్కొంటాయి. ఈ మూడు దశలకూ మూడు ల్యాబు పరీక్షలున్నాయి. మూడింటి ఫలితాలను ఎట్లా కలిపి తీర్పు చెప్పాలో 2021లో 497 నంబరు మార్గదర్శకంగా రాశారు. ఇంతకుముందు గినీపందులు, చుంచెలుకలు వాడేవారు.

చర్మం గుండా ఎంత లోపలికి పోతుంది. మందు కొట్టేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదేనని మేమంటాం. ఆపరేషన్లో తీసిన మనిషి చర్మపు ముక్కను రెండు గాజు గిన్నెల మధ్య బిగిస్తారు. పైన మందు వేస్తారు, కింద ద్రవంలోకి ఎంత దిగిందో గంటగంటకూ కొలుస్తారు. ఇది 2004 నాటి 428 నంబరు పద్ధతి. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం కడుక్కునే కూలీ పనిదినాన్ని ఇందులో అనుకరించవచ్చు. ఎన్ని గంటలకు కడగాలో పరీక్ష చేసేవాళ్లు నిర్ణయించుకోవచ్చు, చిక్కటి మందునూ నీళ్లు కలిపిన మందునూ విడివిడిగా చూడవచ్చు. ఎలుక చర్మం మన చర్మంకన్నా మామూలుగా ఎక్కువ పీలుస్తుంది, కాబట్టి ఎలుక ఇచ్చే అంకె మన అంకె కాదు.

నరాల మీద దెబ్బ. ఆర్గానోఫాస్ఫేట్లు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును స్తంభింపజేస్తాయి. పురుగులోనూ మనిషిలోనూ ఉన్నది ఆ ఎంజైమే, అందుకే పురుగు చస్తుంది, మనిషికి చొంగ, చెమట, కండరాల వణుకు వస్తాయి. ఈ ఎంజైమును పరీక్ష నాళికలో కొలిచే పద్ధతి 1961 నుంచీ ఉంది. మనిషి రక్తంలోని ఎంజైము మీదే మందు వేసి చూడవచ్చు. అయితే కొన్ని మందులు కాలేయంలో మారాకే విషమవుతాయి, మలాథియాన్ మలాక్సాన్‌గా మారినట్టు. కాబట్టి కాలేయ ఎంజైములు కలపకుండా చేసిన నాళిక పరీక్ష మోసం చేస్తుంది. మంచి ల్యాబు ఈ సంగతి మరిచిపోదు, మంచి అధికారి దీన్ని అడగడం మరిచిపోడు.

జంతు పరీక్షలు మానేస్తే కంపెనీలకు సులువై, ప్రయోగం మా మీదే జరుగుతుందేమో?

ఇది న్యాయమైన భయం. కొత్త పరీక్ష లేకుండా పాతదాన్ని ఊరికే తీసేస్తే మేమూ ఒప్పుకోం. జరుగుతున్నది అది కాదు.

ఉదాహరణకు, ఎలుక చర్మానికి మందు పూసి చావును లెక్కించే పరీక్షను అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2016లో తయారు మందులకు, 2020లో మూల రసాయనాలకు మినహాయించింది. అంతకుముందు వందల మందుల పాత డేటాను తిరగేసి చూస్తే, నోటి పరీక్ష ఫలితం చేతిలో ఉన్నప్పుడు చర్మ పరీక్ష కొత్త సంగతి చెప్పడం అరుదని తేలింది. మందు కొట్టేవాడి చర్మం సంగతి చూడరా అని మీరు అడగొచ్చు. చూస్తారు, పైన చెప్పిన మనిషి చర్మం పరీక్షతో. చావు లెక్క పోయింది, ఎంత ఇంకుతుందన్న లెక్క ఉంది. మనకు పనికొచ్చేది రెండోదే.

క్లోరోథలోనిల్ అనే శిలీంద్రనాశినిని ఊపిరితో పీల్చినప్పటి ప్రమాదాన్ని తేల్చడానికి, ఎలుకలకు మందు పొగ పట్టించే బదులు మనిషి శ్వాసనాళపు కణాలతో పెంచిన పొర మీద వచ్చిన ఫలితాలను అదే సంస్థ తీసుకుంది. ఎలుక ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, దాని ముక్కు లోపలి నిర్మాణం వేరు. చేనులో మనం నోటితోనూ పీలుస్తాం.

వేరే దేశాలు ఎక్కడిదాకా వచ్చాయి?

ఐరోపా కూటమి 2009 నాటి నియంత్రణ ప్రకారం వెన్నెముక ఉన్న జంతువుల మీద పరీక్ష ఆఖరి దారిగానే ఉండాలి, ఒక కంపెనీ చేసిన పరీక్షను ఇంకో కంపెనీ మళ్లీ చేయకూడదు, డేటా పంచుకోవాలి. కుక్కల మీద ఏడాదిపాటు మందు తినిపించే పరీక్షను అమెరికా 2007లో, ఐరోపా 2013లో తప్పనిసరి జాబితా నుంచి తీసేశాయి. మూడు నెలల పరీక్ష చెప్పనిది ఏడాది పరీక్ష చెప్పడం లేదని తేలాకే ఆ పని చేశాయి.

మన దేశం?

సౌందర్య సాధనాల విషయంలో 2014లోనే జంతు పరీక్షలను నిషేధించాం, ఆ ఏడాదే అట్లా పరీక్షించిన దిగుమతులనూ ఆపాం. ఔషధాలకు 2023లో నియమాలు సవరించి, కణాల పద్ధతులు, చిప్ మీద పెంచే అవయవ నమూనాలు, కంప్యూటర్ నమూనాల డేటాకు చోటిచ్చారు. జంతువుల మీద ప్రయోగాలను వీలైన చోటల్లా మానుకోవాలన్న మాట 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనే ఉంది. ల్యాబు ఏదైనా ఆ చట్టం కింద ఏర్పడ్డ కమిటీ దగ్గర నమోదై, దాని నియమాలకు లోబడాలి.

లిప్‌స్టిక్‌కు 2014లో తీసుకున్న నిర్ణయం, గుండె మందుకు 2023లో తీసుకున్న నిర్ణయం పురుగుమందుకు కూడా రావాలి. నైపుణ్యం లేక ఆగిందని చెప్పడానికి వీల్లేదు. హైదరాబాద్‌లోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆవరణలో మనిషి కణాల నమూనాల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. లక్నోలో విషశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. "మంచి ప్రయోగశాల పద్ధతి" (జీఎల్‌పీ) నియమాలు పాటించే మన ల్యాబుల డేటాను 2011 నుంచి ఓఈసీడీ దేశాలు అంగీకరిస్తున్నాయి. కాబట్టి అంతర్జాతీయ పద్ధతి ప్రకారం ఇక్కడ చేసిన కణ పరీక్షను అక్కడ మళ్లీ ఎలుకల మీద చేయనక్కర్లేదు.

కణాలకు అందని ప్రశ్నలు ఉన్నాయా?

ఉన్నాయి. తరం నుంచి తరానికి వచ్చే ప్రభావం, ఏళ్ల మీద పెరిగే క్యాన్సర్, హార్మోన్ల గందరగోళం, కడుపులో బిడ్డ ఎదుగుదల, వీటిని ఒక గిన్నెలో కణాలు పూర్తిగా చెప్పలేవు. పిల్లల మెదడు ఎదుగుదల మీద కణాల పరీక్షల కట్టను ఓఈసీడీ 2023లో తొలి సిఫారసులతో ముందుకు తెచ్చింది, అది మొదలు మాత్రమే. ఇంకో నిజం కూడా చెప్పాలి: కణాలను పెంచే ద్రవంలో తరచుగా పుట్టని దూడ రక్తం నుంచి తీసిన సీరం వాడతారు. అది లేని ద్రవాలు వస్తున్నాయి, ఇంకా అన్నిచోట్లా రాలేదు.

రెండు మూడు మందులు కలిపి కొడతాం. అది ఎవరైనా పరీక్షించారా?

కంపెనీ కలిపి అమ్మే మిశ్రమాలకు పరీక్ష ఉంటుంది. మీరు బకెట్లో కలుపుకునేదానికి ఉండదు. తెల్లదోమకు ఒకటి, పురుగుకు ఒకటి, పూత నిలవడానికి టానిక్, కృషి కేంద్రంలో ఎవరో చెప్పిన జిగురు మందు, అన్నీ ఒకే పంపులో. ఆ కలయిక ఎవరి ల్యాబులోనూ పుట్టలేదు.

ఇది ఊరికే చెప్పే భయం కాదు. సైపర్‌మెత్రిన్ లాంటి మందులను మన శరీరంలో కార్బాక్సిలెస్టరేజ్ అనే ఎంజైము విరగ్గొట్టి బయటికి పంపుతుంది. ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ ఆ ఎంజైమునే పని చేయనివ్వదు. అప్పుడు రెండో మందు ఒంట్లో ఎక్కువసేపు నిలబడుతుంది. పురుగు త్వరగా చావడానికి కారణం ఏదో, మనిషికి దెబ్బ ఎక్కువ కావడానికీ అదే.

కొత్త పద్ధతులు మాకు బాగా నచ్చే చోటు ఇది. ప్రతి కలయికకూ ఎలుకల మీద పరీక్ష ఏ దేశమూ చేయలేదు, చేయకూడదు కూడా. కాలేయ కణాలతో, ఎంజైములతో అయితే ఒక ప్రాంతంలో రైతులు నిజంగా కలుపుకునే పది పన్నెండు కలయికలను చూడటం సాధ్యమయ్యే పని. విదర్భ పత్తి చేలల్లో వాడే కలయికలతో మొదలుపెట్టమని అడిగే హక్కు మనకుంది. అది జరిగేదాకా, లేబుల్ మీద కలపమని రాసి ఉంటే తప్ప కలపొద్దు.

చేపల సంగతి? వాగులో పంపు కడిగితే తేలుతున్నాయి.

పంపు వాగులో, చెరువులో కడగొద్దు. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు చేపలకు అతి చిన్న మోతాదులోనే ప్రాణాంతకం. ప్రాణహిత మీద చేపలు పట్టి బతికే కుటుంబాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. చేపలను 96 గంటలు మందు నీళ్లలో ఉంచి చావులు లెక్కబెట్టే పరీక్షకు ప్రత్యామ్నాయంగా, ట్రౌట్ చేప మొప్పల కణాలతో చేసే 249 నంబరు పద్ధతి 2021లో వచ్చింది.

కూరగాయల్లో మిగిలే మందుకు హద్దు ఎట్లా పెడతారు?

జంతువులకు హాని కనిపించని గరిష్ఠ మోతాదును మామూలుగా 100తో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ తేడా ఉంటుందని ఒక 10, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో 10. మొదటి 10 అసలు ఒక అంచనా. మనిషి కణాల డేటా పెరిగేకొద్దీ ఆ అంచనా స్థానంలో కొలత వస్తుంది. కొన్ని మందులకు హద్దు సడలవచ్చు, కొన్నిటికి బిగుసుకోవచ్చు.

వేప మందులు, "బయో" అని అమ్మేవాటికి పరీక్షలు ఉండవా?

వేప నుంచి తీసిన అజాడిరక్టిన్ మందులకూ, జీవ నియంత్రణ మందులకూ ఇదే చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు లేని "బయో" సీసాను కొనొద్దు, లోపల రసాయనం కలిపి ఉండవచ్చు. ఇంట్లో మీరు చేసుకునే వేప కషాయం వేరే సంగతి.

డబ్బా మీద మరాఠీ, హిందీ, ఇంగ్లీషే ఉన్నాయి. తెలుగు అడగొచ్చా?

అడగొచ్చు. లేబుల్, లోపలి కాగితం హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ మందు అమ్ముడయ్యే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు ప్రాంతీయ భాషల్లో ఉండాలని నియమాలే చెబుతున్నాయి. సిరొంచ బజారులో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు.

దరఖాస్తు తాలూకా కృషి అధికారికి ఇవ్వండి, ఒక ప్రతిని జిల్లా వ్యవసాయ అధికారికి పంపండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, కొన్న తేదీ, బిల్లు జెరాక్స్, లేబుల్ ఫొటో జతచేయండి. దరఖాస్తు మరాఠీలో రాస్తే పని త్వరగా జరుగుతుంది, బడిలో మరాఠీ చదివే పిల్లల చేత రాయించండి. అందినట్టు సంతకం, ముద్ర ఉన్న ప్రతిని ఇంట్లో ఉంచుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించి జతపరిస్తే ఇంకా మంచిది. ఎవరికైనా మందు తగిలి దావఖానలో చేరి ఉంటే ఆ కేసు కాగితం నకలు కూడా పెట్టండి, పేరు కనిపించకుండా. రిజిస్ట్రేషన్ కమిటీకి రాసేటప్పుడు ఆ మందుకు మనిషి చర్మం గుండా ఎంత ఇంకుతుందన్న పరీక్ష జరిగిందా, జరిగితే ఎన్ని గంటలకు కడిగి చూశారు అని కూడా అడగండి.